పెళ్లి నోటీసును గోడకు అంటించొద్దు: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఎవరి మతం వారు ఉంచుకుని పెళ్లాడాలనుకునే జంటల్లో చాలామందికి ఉన్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఒక్కటే. ఆ దారికి అడ్డుగా నిలిచిన 30 రోజుల బహిరంగ నోటీసును తొలగించాలని ఈ చట్టం కింద జంటలకు సాయపడే మేం కోరుతున్నాం.

ఐదో సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించాకే నోటీసు ఇవ్వాలి. పేర్లు, వయసు, వృత్తి, ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా అన్నీ రాసిన ఆ కాగితాన్ని వివాహ అధికారి ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. నోటీసు పుస్తకాన్ని ఎవరైనా పైసా కట్టకుండా తిరగేయొచ్చు. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసులోనూ అంటిస్తారు. ప్రాణభయంతో ఊరు వదిలిన జంట ఎక్కడ తలదాచుకుందో వాళ్లు వదిలొచ్చిన ఊరివాళ్లకు ప్రభుత్వమే చెబుతోందన్నమాట.

నోటీసు అంటించాక 30 రోజుల్లోగా అభ్యంతరం ఎవరైనా పెట్టొచ్చు, బంధువే కానక్కర్లేదు. కారణాలు మాత్రం నాలుగో సెక్షన్‌లోనివే కావాలి: జీవించి ఉన్న భార్య లేదా భర్త, మానసిక స్థితి, వయసు, నిషిద్ధ బంధుత్వం. మతం వేరు కావడం అందులో లేదు. అయినా అభ్యంతరం అందితే విచారణ తేలేదాకా పెళ్లి ఆగుతుంది, దానికి మరో 30 రోజుల గడువు. ఊరు మారిన నాటి నుంచి లెక్కిస్తే నివాసం, నోటీసు, విచారణ కలిపి 90 రోజుల దాకా. నోటీసు ఇచ్చిన 3 నెలల్లో పెళ్లి జరగకపోతే అది మురిగిపోతుంది, మళ్లీ మొదటికే. దురుద్దేశంతో అడ్డుపడినవారిపై వేయగల గరిష్ఠ పరిహారం 1000 రూపాయలు!

కొన్ని ఆఫీసులు చట్టంలో లేనివీ అడుగుతాయి. తల్లిదండ్రుల ఇంటికి నోటీసు పంపడం, వాళ్ల సంతకం తెమ్మనడం ఇలాంటివే. ఇంటికి నోటీసు పంపడం కుదరదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. దుర్వినియోగం చూసి 2020లో కేరళ ఈ నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది. ప్రచురణ జంట ఇష్టమేనని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. పార్లమెంటు మాత్రం చట్టాన్ని ముట్టుకోలేదు.

మత విలువలే తమ రాజకీయాలకు పునాది అనుకునేవారు మీ సహచరుల్లో ఉన్నారు. వారినీ ఆలోచించమంటున్నాం. హిందూ వివాహ చట్టం కింద పెళ్లికి ముందస్తు నోటీసు అక్కర్లేదు, నిఖాకూ అక్కర్లేదు. అందుకే భయపడిన జంటలో ఒకరు నమ్మకం లేకపోయినా మతం మార్చుకుని ఒక్కరోజులో పెళ్లి కానిచ్చేస్తారు. దీనివల్ల ఏ మతానికి గౌరవం? 1872 నాటి పాత చట్టం ఏ మతమూ పాటించనని ప్రకటించమనేది. ఆ షరతు 1954లో పోయింది కానీ అప్పటి 14 రోజుల నోటీసు 30 రోజులైంది.

మొదటి పెళ్లి దాచేవారిని నోటీసే పట్టిస్తుందనే వాదన ఉంది. వేరే రాష్ట్రంలో ఉన్న భార్య ఈ గోడ మీది కాగితాన్ని ఎలా చూస్తుంది? దానికి పనికొచ్చేది రిజిస్ట్రార్లు ఒకరి రికార్డులు ఒకరు సరిచూసుకునే ఏర్పాటు. వయసుకు పుట్టిన తేదీ ధ్రువపత్రం, విడాకులైతే డిక్రీ, భాగస్వామి చనిపోతే మరణ ధ్రువపత్రం, అవివాహితులైతే ప్రమాణపత్రం చాలు. 11వ సెక్షన్ కింద ముగ్గురు సాక్షులు ఎలాగూ సంతకం చేస్తారు. అబద్ధపు ప్రకటనకు శిక్ష ఉంది, నాలుగో సెక్షన్ షరతులు తప్పిన పెళ్లి 24వ సెక్షన్ కింద చెల్లదు.

సవరణ బిల్లుకు సమయం పడుతుందని తెలుసు. 50వ సెక్షన్ కింద తమ అధికారులకు నిబంధనలు చేసేది రాష్ట్రాలే కనుక, ఈలోగా వాటికి మీ శాఖ నుంచి ఒక లేఖ పంపండి. ఇళ్లకు నోటీసులు వద్దని, తల్లిదండ్రుల సంతకం అడగొద్దని, ఆ నాలుగు కారణాల్లో లేని అభ్యంతరాన్ని నమోదు చేయొద్దని అందులో రాయండి.

ఇట్లు,
ప్రత్యేక వివాహ చట్టం కింద జంటలకు సాయపడుతున్న న్యాయవాదులు, కార్యకర్తలు