అమెరికాలోని యూదు సేవా సంస్థల నుంచి మన సంఘాలు నేర్వదగినది

సంపాదక మహాశయులకు,

అమెరికాలో తెలుగువారికి ఆపద వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచారని, రెండు మూడు రోజుల్లోనే వేల డాలర్లు పోగయ్యాయని మీ పత్రికలో తరచూ చదువుతున్నాం. ప్రమాదంలో చనిపోయిన విద్యార్థి భౌతికకాయాన్ని ఊరికి చేర్చడానికి ఆ పద్ధతి పనికొస్తుంది. ఉద్యోగం పోయి రెండు నెలల అద్దె బాకీ పడ్డ కుటుంబం మాత్రం తన ఫొటో పదిమందిలో పెట్టుకోదు. ఇలాంటి కష్టాలకు అక్కడి యూదులు వందేళ్లకు పైగా ఒక ఏర్పాటు నడుపుతున్నారు. ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లం కనుక ఆ పని ఎలా సాగుతుందో రాస్తున్నాం.

చాలా అమెరికా నగరాల్లో జ్యూయిష్ ఫ్యామిలీ సర్వీస్ అనే సంస్థ ఉంటుంది. చిన్న ఊళ్లలో కొద్దిమంది ఉద్యోగులు, కొందరు వాలంటీర్లే దాన్ని నడిపేస్తారు. ఎక్కువ చోట్ల ఏ మతంవారైనా వెళ్లవచ్చు.

ఫోన్ చేసినవారిని ముందు తీరిగ్గా మాట్లాడిస్తారు. కరెంటు బిల్లు కట్టలేకపోతున్నామని చెప్పినా సరే, ఈ రాత్రికి ఇంట్లో తిండి ఉందా, మందులేమైనా మానేశారా, అద్దె ఏ నెల వరకు కట్టారు, ఇల్లు ఖాళీ చేయమని కోర్టు కాగితం వచ్చిందా, వస్తే వాయిదా ఎప్పుడు అని అడుగుతారు. అసలు కారణం అక్కడే బయటపడుతుంది. భార్యాభర్తల్లో ఒకరు పోతే నెలనెలా వచ్చే రెండు సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) చెక్కుల్లో చిన్నది ఆగిపోతుంది. అద్దె మాత్రం తగ్గదు. ఒక్క బిల్లు కట్టి పంపేస్తే వచ్చే నెల మళ్లీ అదే ఫోన్.

అద్దె సాయం చేతికివ్వరు. చెక్కు నేరుగా ఇంటి యజమానికి వెళుతుంది. అందుకు గుర్తింపు కార్డు, ఆదాయం చూపే కాగితం, అద్దె ఒప్పందం, బాకీ ఎంతో యజమాని ఇచ్చే లెక్క, యజమాని పన్ను వివరాలుండే డబ్ల్యు-9 ఫారం కావాలి. ఆ ఫారం ఇవ్వడానికి యజమాని తాత్సారం చేయడం వల్ల ఆగిపోయే కేసులున్నాయి. ఒప్పందంలో పేరు లేకపోవడం మరో అడ్డంకి. ఇది మన పిల్లలకు ముఖ్యంగా చెప్పాలి: ఇద్దరి పేరున తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో ఐదుగురు సర్దుకుంటే, కాగితం మీద లేని ముగ్గురికి అద్దె సాయం దొరకడం చాలా కష్టం.

బాకీ 1,800 డాలర్లు, సంస్థ ఇవ్వగలిగింది 500 అనుకుందాం. ఆ 500 ఒక్కటే పంపితే యజమాని కోర్టు కేసు ఆపడు, ఆ డబ్బూ వృథా. అందుకని ఆ కుటుంబం సంగతి చూసే ఉద్యోగి, అంటే కేస్ మేనేజర్, మిగతా 1,300 కోసం సాల్వేషన్ ఆర్మీ, సెయింట్ విన్సెంట్ డి పాల్ వంటి క్రైస్తవ సేవా సంస్థలకు, కౌంటీ (జిల్లా వంటిది) ఆఫీసుకు ఫోన్లు చేసి, ఎవరెంత ఇస్తారో రాతపూర్వకంగా హామీ తీసుకుంటారు. మొత్తం కుదిరాకే చెక్కులు కదులుతాయి. వాయిదాకు ముందురోజు ఫోన్ చేస్తే ఇదంతా చేసే వ్యవధి ఉండదు. మొహమాటంతో ఆలస్యం చేసేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

ప్రభుత్వ పథకాల దరఖాస్తులు నింపిపెట్టడం వీళ్ల పనిలో పెద్ద భాగం. ఆహార సాయం, అంటే స్నాప్ దరఖాస్తుపై 30 రోజుల్లో తేల్చాలి. చేతిలో దాదాపు ఏమీ లేనివారికి 7 రోజుల్లోనే ఇవ్వాలి. ఇంటర్వ్యూ ఫోన్ తెలియని నంబరు నుంచి వస్తుంది, పెద్దవాళ్లు ఎత్తరు, దరఖాస్తు కొట్టేస్తారు. రెన్యువల్ ఉత్తరం ప్రకటన కాగితాలతో కలిసి చెత్తబుట్టలోకి పోతుంది. అందుకే వాలంటీరు ఇంటికెళ్లి ఉత్తరాలన్నీ చదివిపెడతారు. హెచ్-1బి, ఎఫ్-1 వీసాలవారికి స్నాప్ రాదు. ఉచిత సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీలు మాత్రం ఎక్కువగా వీసా సంగతి అడగవు.

హోలోకాస్ట్, అంటే హిట్లర్ కాలంలో నాజీలు సాగించిన యూదుల సామూహిక సంహారం, నుంచి బయటపడ్డవారి సేవ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1951లో ఏర్పడిన క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే యూదు సంస్థ జర్మనీ ప్రభుత్వంతో చర్చించి తెచ్చే నిధులతో, స్థానిక సంస్థలు 80 దాటిన ఈ పెద్దల ఇళ్లకు సహాయకులను పంపుతాయి. వెళ్లేవారికి ముందే శిక్షణ ఇస్తారు. స్నానాల గది షవరు, యూనిఫాం, వరుసలో నిలబెట్టడం, కళ్లముందే మిగిలిన రొట్టె పారేయడం కొందరికి పాత భయాన్ని తిరగతోడతాయి. మతిమరుపు జబ్బు ముదిరితే నేర్చుకున్న ఇంగ్లిష్ పోయి చిన్ననాటి భాష మిగలవచ్చు, కాబట్టి రష్యనో, యూరప్ యూదుల భాష యిడ్డిషో వచ్చినవారిని వెతికి పంపుతారు. మన తల్లిదండ్రులకూ ఆ రోజు వస్తుంది. అప్పుడు తెలుగు వచ్చిన సహాయకులను ఎక్కడ వెతకాలో ఏ సంఘం దగ్గరైనా జాబితా ఉందా?

గోప్యత వీళ్లకు నియమం. గుళ్లోనో పెళ్లిలోనో సాయం పొందినవారు ఎదురైతే సోషల్ వర్కర్ తానుగా పలకరించకూడదు. యూదుల పస్కా పండుగకు కావలసిన పులియని రొట్టెలు, ప్రత్యేక సరుకులు బాగా ఖరీదు కనుక వాటికీ సాయం చేస్తారు. సరుకుల పెట్టె గుమ్మంలో పెడితే ఇరుగుపొరుగుకు తెలుస్తుందని కొన్నిచోట్ల దుకాణం కార్డులు పోస్టులో పంపుతారు.

ఇచ్చేవారెవరో, పుచ్చుకునేవారెవరో ఒకరికొకరు తెలియని దానం మేలన్నాడు 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్. ఆయన చెప్పిన 8 మెట్లలో అన్నిటికంటే పైది, అప్పో పనో ఇచ్చి మనిషిని నిలబెట్టడం. బైబిల్‌లోని నిర్గమకాండంలో పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న ఆజ్ఞ ఉంది. న్యూయార్క్‌లో 1892లో పెట్టిన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ ఇప్పటికీ వడ్డీ లేని అప్పులిస్తోంది, అదీ అన్ని మతాలవారికీ. హామీదారు సంతకం కావాలి. కొత్తగా వచ్చినవారికి ఆ సంతకం దొరకడమే కష్టం.

మన సంఘాలు మహాసభల ఖర్చులోంచి కొంత తీసి, జీతమిచ్చి ఒక కేస్ మేనేజర్‌ను, పనిదినాల్లో ఎత్తే ఒక ఫోన్‌ను ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. మొదటి ఏడాది డబ్బు పంచకుండా ఫారాలు నింపడం, ఉత్తరాలు చదివిపెట్టడం, ఉన్న సంస్థలతో కలపడం చాలు. హామీదారులుగా సంతకం పెట్టడానికి స్థిరపడ్డ కుటుంబాల జాబితా కూడా అప్పుడే మొదలుపెట్టవచ్చు. ఈలోగా అవసరం పడ్డవారు సాయం చేసే సంస్థల వివరాలు చెప్పే 211 నంబరుకు ఫోన్ చేసి దగ్గర్లో ఏ సంస్థలున్నాయో అడగండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే దుబాసీ కావాలని మొదటే చెప్పండి.

— తెలుగు సామాజిక సేవా కార్యకర్తలు, న్యూజెర్సీ