ఆ 38 శాతం దేనిలో తగ్గింది?

సంపాదకుల వారికి నమస్కారం.

కిడ్నీలోని కేన్సర్ గడ్డను శస్త్రచికిత్సతో తీసివేసిన తరువాత ఇచ్చే ఇమ్యునోథెరపీ (శరీరపు రోగనిరోధక శక్తిని పురిగొల్పే చికిత్స) మందు వల్ల మరణ ముప్పు 38 శాతం తగ్గుతుందని ఈ మధ్య మీ ఆరోగ్యం పేజీలో ఒక వార్త వచ్చింది. అంకెలో తప్పేమీ లేదు. పెంబ్రోలిజుమాబ్ అనే మందుపై జరిగిన కీనోట్-564 పరీక్ష గురించి 2024లో వెలువడిన పరిశోధన పత్రంలో ఉన్న అంకె అదే. అయితే ఆ మరునాడు ఉదయం కపిలతీర్థం దారిలో నడకకు వచ్చే మా మిత్రులలో ఇద్దరు దానిని "నూటికి 38 మంది అదనంగా బతుకుతారట" అని చెప్పుకుంటున్నారు. వారిలో ఒకరు బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేసినవారు, చక్రవడ్డీని కాగితం లేకుండా కట్టి చెప్పగలిగినవారు. ఆయనకే అలా అర్థమయిందంటే లోపం చదివినవారిలో ఉందని నేను అనుకోను. కళాశాలలో గణితం బోధించి విరమించినవాడిగా, కిడ్నీ కేన్సర్ రోగి ఇంట్లో రెండేళ్లకు పైగా మసలినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పరీక్షలో 994 మంది పాల్గొన్నారు. శస్త్రచికిత్స అయినా గడ్డ తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవారినే అందులో చేర్చుకున్నారు. సగం మందికి మందు, తక్కిన సగానికి మందు లేని ఉత్తుత్తి సూది ఇచ్చారు. నాలుగేళ్లు గడిచేసరికి మందు పొందినవారిలో 91.2 శాతం, పొందనివారిలో 86 శాతం మంది జీవించి ఉన్నట్టు అంచనా కట్టారు. అంటే నూరుమందిలో సుమారు 14 మంది పోయే చోట సుమారు 9 మంది పోయారు. 14లో 5 తగ్గడమంటే మూడో వంతుకు పైగా తగ్గడం. అసలు గణన ఇంతకన్నా క్లిష్టమైనదే గాని 38 శాతం వచ్చిన దారి స్థూలంగా ఇదే. నూరుమందిలో ఐదుగురి ప్రాణం చిన్న విషయమని నేను అనడం లేదు. కాని మూడు వారాలకు ఒకటి చొప్పున 17 సూదులకు డబ్బు సమకూర్చుకోవలసిన కుటుంబానికి "నూరుమందిలో ఐదుగురు" అన్న మాట, "38 శాతం" అన్న మాట ఒకే నిర్ణయానికి దారి తీయవు. పైగా తీవ్రమైన ఆరోగ్య సమస్యలు మందు పొందినవారిలో నూటికి సుమారు 32 మందికి, పొందనివారిలో సుమారు 18 మందికి వచ్చాయని అదే పరిశోధన తెలిపింది. ఆ వాక్యానికి మీ వార్తలో చోటు దొరకలేదు.

ఈ మందు నిజంగా ఆయుష్షును పెంచినట్టు తేలింది కనుక సరిపోయింది. అంతకు ముందు జరిగినది గుర్తు చేసుకోవాలి. 2016లో సునిటినిబ్ మాత్రపై ఇదే విధమైన పరీక్ష ఒకటి వెలువడింది. ఆపరేషన్ అయిన 615 మందిలో, మందు వాడినవారికి జబ్బు తిరగబెట్టకుండా గడిచిన కాలం 6.8 ఏళ్లు కాగా వాడనివారికి 5.6 ఏళ్లు. ఆ ఆధారంతోనే మరుసటి ఏడాది అమెరికాలో ఆ వాడకానికి అనుమతి లభించింది. కాని ఆయుష్షు పెరిగినట్టు మాత్రం ఆ పరీక్షలో తేలలేదు. 2016లోనే వెలువడిన, 1,900 మందికి పైగా పాల్గొన్న మరో పరీక్షలో అదే మాత్రకు జబ్బు తిరగబెట్టడంలో సైతం తేడా కనిపించలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడని పాఠకుడికి "కేన్సర్ రాకుండా ఏడాదికి పైగా అదనపు రక్షణ" అన్న శీర్షిక ఒక్కటే మనసులో మిగిలిపోతుంది.

ఇక మా బావగారి సంగతి. ఆయన పలమనేరు దగ్గర మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు పెట్టుకుని బతికిన రైతు. కిడ్నీ తీసివేసిన రెండేళ్లకు ఊపిరితిత్తులలో గడ్డలు కనిపించాయి. ఒక పెద్ద ఆసుపత్రిలో సునిటినిబ్ మొదలుపెట్టారు. మూడు నెలల తరువాత స్కాన్ చూసి "జబ్బు స్థిరంగా ఉంది" అన్నారు. గడ్డలు ఉన్నచోటే ఉన్నాయి గనుక మందు పనిచేయలేదని మా అక్క ఆ రాత్రంతా ఏడ్చింది. స్థిరం అన్న మాటకు ఒక కొలత ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. 2009లో సవరించిన అంతర్జాతీయ కొలమానం ప్రకారం, ఎంచుకున్న గడ్డల వ్యాసాల మొత్తం కనీసం 30 శాతం తగ్గితే దాన్ని పాక్షిక ఫలితమంటారు. అంతకు ముందు నమోదైన అతి తక్కువ కొలత మీద కనీసం 20 శాతం, దానితో పాటు కనీసం అయిదు మిల్లీమీటర్లు పెరిగితే, లేదా కొత్త గడ్డ పుడితే ముదిరినట్టు. నడుమ ఉన్నదంతా స్థిరమే. గోళం ఘనపరిమాణం వ్యాసార్థం ఘనాన్ని బట్టి ఉంటుందని తొమ్మిదో తరగతిలో చదువుకున్నదే కదా. గుండ్రటి గడ్డ వ్యాసం 30 శాతం తగ్గితే ఘనపరిమాణం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 25 శాతమే తగ్గినా సగం కన్నా కిందికి దిగుతుంది, కాని కాగితం మీద దాని పేరు స్థిరమే. అంతే కాక, రక్తనాళాల మీద పనిచేసే ఈ జాతి మందులకు కిడ్నీ గడ్డలు పైకి అదే పరిమాణంలో ఉంటూ లోపల చచ్చుబడడం కూడా ఉంటుంది. వ్యాసం మాత్రమే కొలిచే టేపుకు అది అందదు. ఈ నాలుగు ముక్కలు ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే మా అక్క నిద్రపోయేది.

ఆ రోజుల్లోనే డాక్టరు గారు "రెండేళ్లు" అన్నారు. 2009లో ప్రకటించిన సునిటినిబ్ తుది ఫలితాలలో రోగుల ఆయుష్షు మధ్యగతం 26.4 నెలలు. ఆయన మాటకు మూలం బహుశా అదే. మధ్యగతం అంటే సగం మంది అంతకు ముందే పోయారని, సగం మంది ఆ తరువాత కూడా ఉన్నారని అర్థం. పదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే. ఒక మనిషికి రాసిపెట్టిన గడువు అందులో లేదు. బావగారు దాన్ని గడువుగానే తీసుకుని, అర ఎకరం అమ్మి, చదువు మధ్యలో ఉన్న కూతురి పెళ్లి తొందరగా చేశారు. ఆయన 33 నెలలు జీవించారు.

ముదరకుండా ఆగిన కాలం వేరు, బతికిన కాలం వేరు. ఈ తేడా కిడ్నీ కేన్సర్‌లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదేమో అనిపిస్తుంది. 2015లో వెలువడిన చెక్‌మేట్-025 పరీక్షలో, అంతకు ముందే చికిత్స పొందిన 821 మందిలో నివోలుమాబ్ అనే కొత్త ఇమ్యునోథెరపీ మందును అంతకు ముందు నుంచీ ఉన్న ఎవెరోలిమస్ మాత్రతో పోల్చారు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం వరుసగా 4.6 నెలలు, 4.4 నెలలు. తేడా లేనట్టే. బతికిన కాలం మాత్రం 25 నెలలు, 19.6 నెలలు. మొదటి జత అంకెలు మాత్రమే వేసిన పత్రిక "కొత్త మందు విఫలం" అని, రెండో జత మాత్రమే వేసిన పత్రిక "అద్భుతం" అని రాయగలవు, రెండు పత్రికలూ అబద్ధమాడకుండానే. ఇంకొక చిక్కు ఏమిటంటే ముదరడం అనేది స్కాన్ తీసిన రోజునే బయటపడుతుంది. విదేశాలలో ఆరు వారాలకో పన్నెండు వారాలకో తేదీ తప్పకుండా తీస్తారు. మా బావగారికి పట్టుగూళ్లు అమ్ముడైనప్పుడు తీయించేవాళ్లం. ఆ లెక్కన ఆయన జబ్బు సంత ధరను బట్టి ముదిరినట్టు నమోదై ఉంటుంది.

దుష్ఫలితాల పట్టికలలో విరేచనాలకు కూడా శ్రేణులు ఉంటాయి. మామూలు కన్నా రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఎక్కువైతే రెండో శ్రేణి, ఏడు గాని అంతకు మించి గాని అయితే మూడోది. పత్రాల సారాంశంలో సాధారణంగా మూడో శ్రేణి నుంచే చెబుతారు. పలమనేరు నుంచి ఆర్టీసీ బస్సులో పోయి రావలసిన మనిషికి రెండో శ్రేణి ఎంతటి తీవ్రతో ఆ బస్సుకే తెలియాలి. ఈ విషయంలో నేను మెచ్చిన పరిశోధన ఒకటుంది. జబ్బును నిలువరించడంలో ఇంచుమించు సమానమని తేలిన పజోపనిబ్, సునిటినిబ్ మాత్రలను, ఏది ఏదో తెలియకుండా ఒకదాని తరువాత ఒకటి వాడించి, కొనసాగించవలసి వస్తే ఏది కోరుకుంటారని రోగులనే అడిగారు. 2014లో ప్రకటించిన ఆ ఫలితాలలో 70 శాతం మంది పజోపనిబ్‌ను, 22 శాతం మంది సునిటినిబ్‌ను కోరుకున్నారు. అలసట తక్కువగా ఉండడం, రోజువారీ జీవితం తేలికగా గడవడం వారు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి. అడిగితే చెప్పే జవాబు అది. అడగడమే అరుదు.

నా అసలు మనవి విదేశీ పరీక్షల గురించి కాదు, మన ప్రాంతపు లెక్కల గురించి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి వైపు కొత్త కేన్సర్ ఆసుపత్రి వచ్చింది, చిత్తూరు వైపు వారికి వేలూరు గంట ప్రయాణం. ఈ మూడు దారులలోను తిరిగే రోగి ఒక చోట ఆగిపోతే, అతను పోయాడో, ఊరు మారాడో, డబ్బు లేక మానుకున్నాడో ఆ చోటివారికి తెలియదు. 1958లో కాప్లాన్, మైయర్ అనే ఇద్దరు ప్రతిపాదించిన పద్ధతిలో, అలాంటి రోగిని చివరిసారి కనిపించిన తేదీ వరకు జీవించి ఉన్నట్టు లెక్కించి, ఆ తరువాత లెక్కలోంచి తప్పిస్తారు. రావడం మానినవారి గతి కూడా వస్తున్నవారి గతి లాగే ఉంటుందని ఆ పద్ధతి నమ్ముతుంది. మన దగ్గర ఆ నమ్మకం నిలవదు. నడవగలిగినవారే వస్తారు. ఇక చేయగలిగింది లేదని ఇంటికి తీసుకుపోయినవారు లెక్క నుంచి నిశ్శబ్దంగా జారిపోతారు. అందువల్ల ఒక ఆసుపత్రి తన రోగులలో ఇంత శాతం అయిదేళ్లు జీవించారని ప్రకటిస్తే, ఎంతమంది ఆచూకీ తెలియలేదన్న అంకె పక్కన లేనంత వరకు దాన్ని నేను నమ్మలేను. ఆచూకీ తెలుసుకోవడం అసాధ్యం కాదు. మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలని 1969 నాటి చట్టం కింద చేసిన నియమాలు చెబుతున్నాయి. ప్రతి ఊరికి ఆశా కార్యకర్త ఉన్నారు, సచివాలయంలో ఏఎన్‌ఎం ఉన్నారు. రోగి అనుమతితో ఆధార్ సంఖ్యో, ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లో మొదటి రోజే రాసుకుని, ఏడాదికి ఒకసారి విచారిస్తే చాలా వరకు తెలుస్తుంది. ఈ పని చేసే గుమాస్తా నెల జీతం ఒక్క ఇమ్యునోథెరపీ సూది ఖరీదుకు తక్కువే అవుతుంది.

మన దేశంలో మందుల పరీక్షలను ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలన్న నిబంధన 2009 జూన్ 15 నుంచి అమలులో ఉంది. ఏది ప్రధాన ఫలితంగా కొలవబోతున్నారో అందులో ముందే రాయాలి, అది ఎవరైనా చూడవచ్చు. మీ విలేకరులు ఆరోగ్య వార్త రాసే ముందు ఆ పేజీ ఒకసారి తెరిచి, మొదట చెప్పిన కొలతనే చివర ప్రకటించారా అని చూడాలని కోరుతున్నాను. జవాబు పత్రాలు దిద్దిన తరువాత పాస్ మార్కు నిర్ణయించే పరీక్షను ఏ విశ్వవిద్యాలయమూ ఒప్పుకోదు కదా. శాతం వేసినప్పుడు నూరుమందిలో ఎందరన్నది కూడా వేయండి. అందుకు పట్టే చోటు ఒక్క పంక్తే.

బావగారు పోయిన నాలుగు నెలలకు ఆయన ఫైలు సర్దుతుంటే, రావలసిన తేదీ దాటిపోయిందని గుర్తు చేస్తూ ఆసుపత్రి నుంచి వచ్చిన సందేశం ఆయన ఫోన్‌లో కనిపించింది. నేనే ఆ నంబరుకు ఫోన్ చేసి మరణించిన తేదీ చెప్పాను. ఎత్తిన అమ్మాయి "అయ్యో, సారీ సార్" అంది. తేదీ రాసుకున్నారా అని అడిగాను. ఆ సంగతి రికార్డు సెక్షన్‌లో చెప్పాలని, వాళ్లు సోమవారం వస్తారని చెప్పింది. సోమవారం రెండుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు.

ఇట్లు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
తిరుపతి.