సినిమా పేజీ సరే, దాని వెనకాల పేజీలో ఏం వేస్తున్నారో ఒకసారి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మాది హైదరాబాద్ కృష్ణానగర్‌లో, సినిమా పనివాళ్ళుండే బస్తీలో, టిఫిన్ సెంటర్, మా ఆయనా నేనూ 16 ఏళ్ళ నుంచి నడుపుతున్నాం. మీ పేపర్ రోజూ రెండు కాపీలు వేయించుకుంటాం, ఒకటి మాకు, ఒకటి వచ్చేపోయేవాళ్ళకి (ఇడ్లీలు చుట్టడానికి కాదండోయ్, పేపర్లో తినేవి కట్టొద్దని మీరే రాశారుగా, అప్పట్నుంచి మానేశాం). మా షాపులో పొద్దున్నే ఆ సినిమా పేజీ కోసం కొట్లాటే. ఎవడి సినిమాకి ఎన్ని కోట్లు వచ్చాయి, ఏ హీరో పక్కన ఏ హీరోయిన్, అవన్నీ ఇక్కడ ప్లేటు ఇడ్లీ కంటే ఫాస్ట్‌గా అయిపోతాయి. నా బాధ ఆ పేజీ గురించి కాదు, దాని వెనకాల చిన్న చిన్న డబ్బాల్లో వచ్చే ప్రకటనల గురించి.

మొన్నామధ్య ఒక కుర్రాడు వచ్చాడండి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి, ఇరవై ఏళ్ళుంటాయేమో, బ్యాగ్ కింద పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకుని రెండు దోశలు తిన్నాడు. జేబులో మీ పేపర్ కటింగ్ ఉంది, నాలుగు మడతలు పెట్టి. "కొత్త సినిమాకి, సీరియల్స్‌కి నటీనటులు కావలెను, అనుభవం అక్కర్లేదు, భోజనం వసతి కలదు" అని, కింద ఒక సెల్ నంబర్. బ్యానర్ పేరు, అంటే సినిమా తీసే కంపెనీ పేరు లేదు, అడ్రస్ లేదు. ఫోన్ చేస్తే ఏదో అపార్ట్‌మెంట్ సెకండ్ ఫ్లోర్‌కి రమ్మన్నారంట. రిజిస్ట్రేషన్ 2 వేలు, ఫోటోషూట్ 12 వేలు, యూనియన్ కార్డు ఇప్పిస్తామని ఇంకో 20 వేలు. వాళ్ళ నాన్న జీడిపిక్కలు అమ్మిన డబ్బులండి అవి. నాలుగో రోజు వెళ్తే ఫోన్ స్విచాఫ్, ఫ్లాట్‌కి టులెట్ బోర్డు.

వాడొక్కడే అయితే మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. ఇలాంటోళ్ళు ఎంతమంది వస్తారో మా ఖాతా బుక్కు తిరగేస్తే తెలుస్తుంది.

అసలు ఇక్కడ పని ఎలా దొరుకుద్దో మీ సినిమా రిపోర్టర్లకి తెలీదా అండి? మేం తెల్లారుజామున నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తాం, ఎందుకంటే ఐదింటికల్లా షూటింగ్ బస్సులు వచ్చేస్తాయి, ఆ టైముకి మెట్రో కూడా ఉండదు. లైట్‌మన్లు, ప్రొడక్షన్ బాయ్స్, కాస్ట్యూమ్స్ వాళ్ళు, మేకప్ వాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు అందరూ నిలబడే తినేస్తారు, రామోజీ ఫిల్మ్ సిటీకి అంటే ఈ చివర్నుంచి హయత్‌నగర్ అవతల దాకా వెళ్ళాలి కదా. జూనియర్ ఆర్టిస్టుకి ముందు రోజు సాయంత్రం ఏజెంట్ ఫోన్ చేస్తాడు, రేపు పెళ్ళి సీన్, నలభై మంది కావాలి, పట్టుచీర ఉన్నోళ్ళు మాత్రమే రండి అని. చీర ఉందా లేదా, అదే ఇక్కడ క్వాలిఫికేషన్. లేనివాళ్ళు పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చుకుంటారు, నా చీరలే రెండు తెర మీద కనపడ్డాయి, నేను మాత్రం ఇంతవరకూ ఒక్క షూటింగ్ చూడలేదు! ఆ ఏజెంట్లు పేపర్లో యాడ్ వేయరండి, వాళ్ళకి ఫోన్లో నంబర్లు వందలుంటాయి. పైగా ఇప్పుడు వంద మందిని నిలబెట్టి గ్రాఫిక్స్‌లో వెయ్యి మంది చేసేస్తున్నారు, ఉన్నవాళ్ళకే పని లేక చస్తుంటే అనుభవం అక్కర్లేదు రండి అని ఎవడు పిలుస్తాడు?

కార్డు సంగతి కూడా అంతే. సినిమా కార్మికుల ఫెడరేషన్ కింద 24 క్రాఫ్ట్స్ ఉన్నాయి, అంటే ఒక్కో రకం పనికి ఒక్కో యూనియన్, ఏ క్రాఫ్ట్ కార్డు ఆ యూనియనే ఇవ్వాలి, సెకండ్ ఫ్లోర్‌లో ఏసీ వేసుకుని కూర్చున్న మేనేజర్ ఇచ్చేది కాదు. మెంబర్‌షిప్‌కి లక్షలు అడుగుతున్నారని 2025లో నిర్మాతలే బయటకొచ్చి మాట్లాడారు, లక్షలయ్యేది 20 వేలకి వస్తుందంటే ఆ కుర్రాడు నమ్మాడంటే వాడికి తెలీక. తెలియాల్సింది ఎవరి ద్వారా? మీ ద్వారానే కదా.

అదే ఏడాది జరిగిన సినిమా కార్మికుల స్ట్రైక్ గురించీ ఒక మాట. 2025 ఆగస్టు 4 నుంచి షూటింగులు ఆగిపోయాయి, కార్మికులు కూలి 30 శాతం పెంచమన్నారు, రెండు వారాలు దాటాక మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతానికి ఒప్పుకున్నారు, అది కూడా రోజుకి 2 వేల లోపు వచ్చేవాళ్ళకి. అన్ని రోజులూ మా వీధి మొత్తం ఖాళీ, పిండి సగం రుబ్బినా మిగిలిపోయేది. మీ పేపర్లో రోజూ ఏ హీరో షూటింగ్ ఆగింది, ఎన్ని కోట్ల నష్టం అనే వచ్చింది. రోజుకి ఒక లైట్‌మన్‌కి ఎంత, మేకప్ అసిస్టెంట్‌కి ఎంత అని ఒక చిన్న పట్టీ వేస్తే పోయేదేముంది? అది చూస్తే ఇంటి దగ్గర తండ్రులకి కూడా అర్థమవుద్ది ఇక్కడ కూలి ఎంత, కార్డు ఎవరిస్తారు అనేది.

ఈ ఊరు ఇలా ఎందుకుందో పాతవాళ్ళు చెప్తుంటారు. అమీర్‌పేటలో సారథి స్టూడియో ముందు నుంచే ఉంది, తర్వాత ఏఎన్నార్ గారు మద్రాసు వదిలొచ్చి బంజారాహిల్స్ బండరాళ్ళ మధ్య 1970ల్లో అన్నపూర్ణ కట్టారు, ఆ తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియో వచ్చాయి. వీటన్నిటికీ దగ్గర్లో అద్దె తక్కువున్న చోటు కృష్ణానగర్. హీరోలు కొండ మీద, పనిచేసేవాళ్ళు కొండ కింద. 1996లో ఫిల్మ్ సిటీ అంత దూరంలో వచ్చినా ఈ బస్తీ కదల్లేదు. మోసం చేసేవాళ్ళకీ ఇది తెలుసు, అందుకే ఆఫీసులు ఇక్కడే తీస్తారు, గోడ మీద నాలుగు పోస్టర్లు అంటిస్తే సినిమా కంపెనీ అయిపోయింది.

మీ పేపర్లో కింద ఆవగింజంత అక్షరాల్లో ఒక లైను ఉంటుంది కదండీ, ప్రకటనల్లోని విషయాలకి పత్రిక బాధ్యత వహించదు అని. కుర్రాడికి అది చూపించా. వాడు చూసి ఏమన్నాడంటే, అక్కా ఫేస్‌బుక్‌లో వచ్చుంటే మా నాన్న పైసా ఇచ్చేవాడు కాదు, పేపర్లో పడింది కదా అని ఇచ్చాడు అన్నాడు. నాకు ఇంక ఏం చెప్పాలో తోచలేదు.

మీకూ యాడ్ డబ్బులు కావాలి, కాదనను, మా షాపుకి కూడా నూనె ధర పెరిగితే ఎంత కష్టమో నాకు తెలుసు. వచ్చే ప్రతి యాడూ దొంగదే అని కూడా అనట్లేదు, మా దగ్గర తిన్న ఒకమ్మాయి నిజంగానే అలా ఆడిషన్‌కెళ్ళి ఒక సీరియల్లో చెల్లెలి వేషం చేసింది. కానీ ఫిల్మ్ నగర్‌లో సినిమావాళ్ళ సంఘం ఫిల్మ్ ఛాంబర్ ఉంది, బ్యానర్లు టైటిళ్ళు రిజిస్టర్ అయ్యేది అక్కడే, యాడ్ తెచ్చినవాడిని ఆ కాగితం చూపించమంటే సరిపోద్ది. బ్యానర్ పేరు, ఆఫీస్ అడ్రస్ లేకుండా ఒట్టి సెల్ నంబర్‌తో వేయకండి. పక్కనే ఒక లైను, ఈసారి కాస్త కళ్ళకి కనపడే సైజులో, ఆడిషన్‌కి ముందుగా డబ్బులు కట్టొద్దు అని వేయండి.

ఆ కుర్రాడు ప్రస్తుతం మా దగ్గరే ఉన్నాడు, చట్నీ గ్రైండర్ వాడే చూసుకుంటున్నాడు, పోలీస్ స్టేషన్‌కి రమ్మంటే సిగ్గుపడి రాలేదు. ఇంట్లో సీరియల్లో చేస్తున్నానని చెప్పాడంట, ఏ చానెల్లో ఎన్నింటికి వస్తుందని వాళ్ళ నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఈ ఉత్తరం వేస్తే ఆ యాడ్స్ పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక టిఫిన్ సెంటర్ యజమానురాలు,
కృష్ణానగర్, హైదరాబాద్