మనవడికి మేకపాలు ఇప్పుడే వద్దురా సూరీ

కదిరి,
ఆదివారం

ఒరేయ్ సూరీ,

నిన్న ఫోన్‌లో నువ్వు అంత టెన్షన్‌గా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగలడం ఇష్టం లేక ఊరుకున్నాను. దానికి తోడు వెనక నుంచి మీ అత్తగారు "మా కాలంలో తల్లికి పాలు చాలకపోతే మేకపాలే పట్టేవాళ్ళం" అంటున్నారాయె. పెద్దావిడ మాటకు ఫోన్‌లో ఎదురు చెప్పడం బాగుండదు కదా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకూ అమ్మాయికీ కూడా చదివి వినిపించు.

చంటివాడికి ఐదో నెల. డబ్బాపాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒంటి మీద దద్దుర్లు, విరేచనంలో నెత్తురు చారలు. ఆవుపాల ప్రొటీన్ పడక కావచ్చని డాక్టరు గారు అనుమానపడ్డారు. అంతవరకూ సరే. దానికి మందు మేకపాలు అని మీ ఇంట్లో తీర్మానం చేశారు చూడు, నా భయమంతా అక్కడే. నా దొడ్డిలో పాడి మేకలున్నాయి, నువ్వు అడిగితే ఏదైనా పంపుతాను. ఇది మాత్రం పంపను.

ఆవుపాల ప్రొటీన్లూ మేకపాల ప్రొటీన్లూ చాలా దగ్గర పోలికవి. ఆవుపాలు పడని పిల్లల్లో పదికి తొమ్మిదిమందికి మేకపాలూ పడవు. ఒక్కోసారి దద్దుర్లతో ఆగకుండా ఊపిరాడని దాకా పోతుంది. ఇక రెండో సంగతి. అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంది కదా, ఆ విటమిన్ మేకపాలలో దాదాపు లేనట్టే. 100 గ్రాముల ఆవుపాలలో 5 మైక్రోగ్రాములుంటే మేకపాలలో 1 మాత్రమే. బి12 కూడా తక్కువే. 1920ల్లోనే జర్మనీలో పిల్లల డాక్టర్లు మేకపాల మీదే పెరిగిన పసివాళ్ళు నెత్తురు చాలక పాలిపోవడం గమనించి, ఆ జబ్బుకు మేకపాల రక్తహీనత అనే పేరు పెట్టారు. అదీగాక తల్లిపాలలో 100 గ్రాములకు ప్రొటీన్ 1 గ్రాము చిల్లర, మేకపాలలో మూడున్నర గ్రాములు. ఆ లేత మూత్రపిండాలకు అది మోయలేని బరువు. నీళ్ళు కలిపి పలచన చేస్తే సరిపోతుందని మీ అత్తగారు అనవచ్చు. మూత్రపిండాల మీద బరువు తగ్గుతుంది గానీ, దాంతోపాటు బిడ్డకు అందాల్సిన బలమూ తగ్గిపోతుంది. విటమిన్ లోటు ఎలాగూ తీరదు.

మేకపాలతో చేసిన డబ్బాపాలు కూడా దొరుకుతున్నాయి. వాటిలో లోటున్నవన్నీ కొలతగా కలుపుతారు, మామూలు పిల్లలకు ఫర్వాలేదు. కానీ మనవాడిది అలర్జీ అయితే అవీ పనికిరావు. ప్రొటీన్‌ను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టి చేసిన పాలపొడులు వేరే ఉంటాయి, డాక్టరు గారు రాసిస్తారు. అమ్మాయికి పాలు ఏ కొంచెం పడుతున్నా మానిపించవద్దు. తన భోజనంలో పాలూ పెరుగూ కొన్నాళ్ళు ఆపాలేమో కూడా అడగమను.

ఇంత చెప్పానని మేకపాల మీద నాకు చిన్నచూపు అనుకోకు. మా ఇంట్లో పొద్దున టీ వాటితోనే. కొవ్వు బొట్లు మరీ చిన్నవి కాబట్టి మీగడ అంత తొందరగా పైకి తేలదు. కడుపులో పడ్డాక విరుగు మెత్తగా ఉంటుంది, తేలిగ్గా అరుగుతుంది. గేదెపాలు తాగితే పొట్ట బరువుగా ఉంటోందన్నావు కదా, వాటిలో వెన్న 6, 7 శాతం ఉంటే మేకపాలలో 4 శాతం దగ్గర ఉంటుంది. నీకు తేడా తెలుస్తుంది. కాల్షియం ఆవుపాలకంటే కాస్త ఎక్కువే. అయితే పాలు తాగగానే ఉబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్ళు దీన్ని నమ్ముకోకూడదు. పాలలోని చక్కెర ఇందులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. వాళ్ళకు పెరుగు మేలు.

గాంధీగారి సంగతి నీకు తెలిసిందే. ఆవుపాలు, గేదెపాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి, జబ్బుపడి లేవలేని స్థితిలో ఉన్నప్పుడు కస్తూర్బా మాట మీద మేకపాలు తాగారు. ఒట్టు తప్పానన్న బాధ ఆయన్ను వదల్లేదు గానీ, కోలుకున్నారు.

వానాకాలం వస్తే మా ఇంటి ముందు తెల్లవారకముందే చెంబులతో జనం నిలబడతారు. డెంగీ వచ్చినవాళ్ళకు ప్లేట్‌లెట్లు పెరుగుతాయట. పెరుగుతాయని రుజువేమీ లేదురా. జ్వరం నెమ్మదించాక రెండు మూడు రోజుల్లో అవి వాటంతటవే పెరుగుతాయి, పేరు మేకపాలకు వస్తుంది. కాచి తాగితే నష్టం లేదు, ఒంట్లోకి నీరైనా పోతుంది. కానీ కొందరు గుమ్మపాలే గుణమని పొదుగు దగ్గరే తాగించేస్తారు. అది చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది.

పాలు పితికేటప్పుడు నువ్వొకసారి చూడాలి. మేకపిల్లలను గంప కింద మూసి, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, రెండు చన్నుల నుంచీ మొదటి ధారలు నేల మీదకు వదిలేస్తాను. అంత చేసినా మేక కాలు విదిలించిందంటే గిన్నెలో వెంట్రుకో, పెంటిక పొట్టో పడుతుంది. పలచని గుడ్డలో వడగడితే అవి పోతాయి. కంటికి కనిపించనివి పోవు కదా.

మాల్టా దీవిలో ఇంగ్లీషు సిపాయిలకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం పట్టుకునేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే డాక్టరు ఆ క్రిమిని పట్టుకున్నాడు. అది ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం చాలాకాలం అంతుచిక్కలేదు. 1905లో ఆ దీవివాడే, జమ్మిత్ అనే డాక్టరు, నిగనిగలాడుతూ ఆరోగ్యంగా కనిపించే మేకల్లోనే అది ఉందని కనిపెట్టాడు. మరుసటేడు సిపాయిలకు మేకపాలు ఆపేశారు, జ్వరాలు పడిపోయాయి. ఆ క్రిమి మన దగ్గరా ఉంది. మేకలు ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకుండానే కడుపు పోవడానికి, అదో కారణం. మనిషికి సోకితే సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ళ నొప్పులు. టైఫాయిడ్ అనుకుని ఎన్నాళ్ళో తిరుగుతారు, తీరా తేలాక వారాల తరబడి మందులు మింగాలి. అందుకే ఈసుకుపోయిన మేక పాలు నేను ఎవరికీ పోయను, దానికి పడిన మాయను (పిల్లతోపాటు బయటికొచ్చే సంచిని) ఉత్తచేత్తో ముట్టను. సూది వేయించిన మేక పాలు కూడా పశువుల డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా వాడము. మిగతావన్నీ ఒక పొంగు వచ్చేదాకా కాచాల్సిందే. పితికి ఎంతోసేపు ఉంచిన పాలైతే కాచేటప్పుడు విరిగిపోతాయి, తాజాగా ఉన్నప్పుడే పొయ్యి మీద పెట్టాలి.

వాడికి ఏడాది నిండి, అన్నం పప్పు ఆకుకూరలు అలవాటయ్యాక, అలర్జీ లేదని డాక్టరు గారు చెబితే అప్పుడు కాచిన మేకపాలు ఒక గ్లాసు పట్టవచ్చు. అప్పుడు పంపమంటే బస్సులో నేనే క్యాన్ పట్టుకుని వస్తాను. ఈలోగా దద్దుర్లు తగ్గాయో లేదో, విరేచనంలో నెత్తురు ఆగిందో లేదో కనిపెట్టి ఉండండి. సోమవారమే ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఏమన్నారో రాత్రికి ఫోన్ చెయ్యి. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
వెంకటేశు