ఆట అయ్యాక ఇల్లు చేరాలి కదా, బాబాయ్

దోహా,
22 డిసెంబర్ 2022.

బాబాయ్‌కి, పిన్నికి నమస్కారాలు.

ఖతర్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గురించి మొన్న మీరు ఫోన్లో అడిగిన ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ముప్ఫై లక్షల జనం కూడా లేని దేశం కదా, అంతమంది వచ్చి ఎక్కడ పడుకున్నార్రా?" అన్నారు. నేను పనిచేసే విమానాశ్రయంలో వెనకాల బోర్డింగ్ అనౌన్స్‌మెంట్ మోగుతుంటే మళ్ళీ చేస్తానని పెట్టేశాను. ఫైనల్ అయి నాలుగు రోజులైంది, ఇవాళ్టికి తీరిక దొరికింది. ఫోన్లో అయితే సగంలో ఆగిపోతానని ఉత్తరమే రాస్తున్నాను.

జవాబు ఏంటంటే, చాలామంది ఇక్కడ పడుకోనే లేదు బాబాయ్. పొద్దున విమానంలో దిగారు, ఆట చూశారు, అదే రాత్రి విమానమెక్కి వెళ్ళిపోయారు.

వీటికి షటిల్ ఫ్లైట్లని పేరు. దుబాయ్, రియాద్, జెడ్డా, కువైట్, మస్కట్ నుంచి రోజుకి 160కి పైగా నడుపుతామని మే నెలలోనే ప్రకటించారు. ఖతర్ ఎయిర్‌వేస్‌తో ఫ్లైదుబాయ్, సౌదియా, కువైట్ ఎయిర్‌వేస్, ఒమన్ ఎయిర్ చేతులు కలిపాయి. దుబాయ్ నుంచి ఇక్కడికి గంట ప్రయాణం. పెద్ద బ్యాగులు వెయ్యడానికి లేదు, చేతి సంచి ఒక్కటే. ఆట టికెట్టూ, హయ్యా కార్డూ ఉంటే లోపలికి వచ్చేసే వీలుండేది. ఆ కార్డే వీసా, మెట్రోకి కూడా అదే పాసు. 2014లో కొత్త హమద్ విమానాశ్రయం వచ్చాక పక్కన పెట్టిన పాత విమానాశ్రయాన్ని కూడా ఈ సెప్టెంబర్‌లో తెరిచారు. మాకు రెండు చోట్లా డ్యూటీలు పడ్డాయి.

నాకైతే ఇందులో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది వేరే ఉంది. నేను 2018లో ఇక్కడికి వచ్చేనాటికి సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో తెగతెంపులు చేసుకుని ఏడాది దాటింది. ఖతర్ విమానాలు వాళ్ళ ఆకాశంలోకి వెళ్ళకూడదు, చుట్టూ తిరిగి ఇరాన్ మీదుగా పోయేవి. ఇక్కడ పనిచేసే కొందరికి గంట దూరంలో ఉన్న సొంత అక్కాచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళాలంటే మస్కట్‌లోనో కువైట్‌లోనో విమానం మారాల్సి వచ్చేది. 2021 జనవరిలో అది ముగిసింది. రెండేళ్ళు తిరక్కుండానే బోర్డు మీద రియాద్, రియాద్, జెడ్డా, దుబాయ్, రియాద్ అని వరసగా కనిపిస్తుంటే, నాలుగేళ్ళుగా ఆ బోర్డు చూస్తున్నవాణ్ణి, నా కళ్ళు చెమర్చాయి.

నవంబర్ 22 గుర్తుందా, సౌదీ అర్జెంటీనాని 2-1తో ఓడించిన రోజు? ఒంటిగంటకి ఆట. పొద్దున దిగినవాళ్ళు బుద్ధిగా వరసలో నిలబడ్డారు. నెగ్గుతామని ఎవరి మొహంలోనూ లేదు, మెస్సీని చూడ్డానికి వచ్చామని కొందరు పైకే అన్నారు. ఒక పెద్దాయన తోబ్ అనే తెల్లటి పొడవాటి అంగీ మీద పచ్చ మఫ్లర్ వేసుకుని, చేతిలో చిన్న డప్పు పట్టుకుని వచ్చాడు. స్కానర్‌లో పెట్టమంటే పసిపిల్లని దించినట్టు దించి, అవతల నుంచి బయటికి వచ్చేదాకా కదల్లేదు. సాయంత్రం అదే మనిషి తిరిగొచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది, మాట రావడం లేదు. బోర్డింగ్ పాస్ నా చేతిలో పెట్టి, రెండు వేళ్ళు చూపించి, తర్వాత ఒక వేలు చూపించాడు. మర్నాడు వాళ్ళ రాజు దేశమంతటికీ సెలవిచ్చాడు.

బయటికి కనిపించని సంగతి ఒకటి చెప్తాను. పొద్దున నిండుగా వచ్చిన విమానం వెంటనే దాదాపు ఖాళీగా తిరిగి పోతుంది, రాత్రి ఖాళీగా వచ్చి నిండుగా వెళ్తుంది. అంటే ఒక్క ప్రయాణికుడి కోసం విమానం నాలుగుసార్లు ఎగురుతుంది, అందులో రెండుసార్లు సీట్లే ఉంటాయి, మనుషులుండరు. టికెట్టు ధరలోకి ఆ ఖాళీ సీట్ల ఖర్చు కూడా వచ్చి చేరుతుంది. గాల్లోకి పోయే పొగ గురించి పర్యావరణం వాళ్ళు గట్టిగానే మాట్లాడారు. రాత్రి డ్యూటీలో ఖాళీ విమానం దిగడం చూసినప్పుడల్లా వాళ్ళ మాటలో న్యాయం ఉందనే అనిపించేది నాకు.

మరి ఆ విమానాల్ని రాత్రిదాకా ఇక్కడే ఎందుకు ఆపుకోరంటారా? చోటుండదు బాబాయ్. ఇలాంటి పెద్ద టోర్నమెంట్‌లో ఆకాశం సరిపోతుంది, నేలే చాలదు. విమానం దిగడానికి ఇంత టైమని స్లాట్ ఇస్తారు, ప్రయాణికుల్ని దించి అది వెళ్ళిపోవాలి. లేకపోతే ఏమవుతుందో 2010 ప్రపంచ కప్ అప్పుడు దక్షిణాఫ్రికాలో చూశారు. డర్బన్‌లో స్పెయిన్, జర్మనీ సెమీఫైనల్. పెద్దవాళ్ళ సొంత జెట్లు ముందే దిగి, కదలకుండా పార్కింగ్ అంతా ఆక్రమించాయి. మామూలు అభిమానులు ఉన్న విమానాలు పైన చక్కర్లు కొట్టి కొట్టి, కొన్ని వెనక్కి వెళ్ళిపోయాయి. టికెట్లు జేబులో ఉండి వందలమంది ఆట చూడలేకపోయారు. మాకు ట్రైనింగ్ ఇచ్చినాయన ఈ కథ చెప్తూ, "ఆ విమానంలో మీ నాన్న ఉన్నాడనుకోండి" అన్నాడు. నెలంతా నా చెవిలో ఆ మాటే.

ఈ పనిలో అసలు కష్టం తీసుకురావడంలో కాదు, పంపించడంలో ఉంది. ఆట మొదలయ్యే టైము ఏడాది ముందే తెలుసు. అయిపోయే టైము ఎవరికీ తెలియదు. గ్రూప్ మ్యాచ్‌లైతే ఫరవాలేదు, రెండు గంటల్లో తేలిపోతుంది. నాకౌట్‌లో ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు కలిస్తే ఇంకో గంట. దానికి తోడు ఓడిన జట్టువాళ్ళు అందరూ ఒక్కసారే ఇంటికి పోదామంటారు, గెలిచినవాళ్ళు అందరూ ఉంటామంటారు, పాత టికెట్లు ఎవరికీ పనికిరావు.

డిసెంబర్ 9 రాత్రి లుసైల్ స్టేడియంలో నెదర్లాండ్స్, అర్జెంటీనా. పది గంటలకి ఆట. ఎనభై నిమిషాలు దాటినా అర్జెంటీనా 2-0తో ముందుంది, ఇక అయిపోయినట్టేనని మేం గేట్లు సర్దుకుంటున్నాం. నెదర్లాండ్స్ ఒకటి వేసింది, ఆఖరి క్షణాల్లో ఇంకొకటి వేసింది. ఆ రెండో గోల్ పడగానే మా కంట్రోల్ రూమ్‌లో అందరూ స్క్రీన్ వదిలేసి గోడ మీద గడియారం చూశారు. పెనాల్టీలు ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది. స్టేడియం నుంచి బయటపడాలి, మెట్రో క్యూ దాటాలి, ఆ తర్వాత కదా మా దగ్గరికి వచ్చేది.

మస్కట్ ఫ్లైట్‌కి ఒకరిద్దరు రాలేదు. ఎదురుచూద్దామంటే ఎంతసేపు? పైలట్లకీ, లోపలి సిబ్బందికీ డ్యూటీ గంటలకి హద్దు ఉంటుంది, అది దాటితే విమానం ఎగరకూడదు. మా సూపర్‌వైజర్ కాక్‌పిట్‌తో మాట్లాడి కొన్ని నిమిషాలు అడిగి తీసుకుంది. అప్పుడొచ్చాడు ఒక తండ్రి, పరిగెత్తుతూ, ఎనిమిదేళ్ళ కొడుకుని భుజాన వేసుకుని. పిల్లాడు గాఢనిద్రలో ఉన్నాడు. వాడి బుగ్గ మీది నీలం, తెలుపు రంగంతా తండ్రి చొక్కాకి అంటుకుంది. ఒక కాలి బూటు లేదు. నేను పాస్ స్కాన్ చేస్తుంటే ఆయన అడిగింది ఒక్కటే: "తలుపు మూసేశారా?" లేదన్నాను. అక్కడే గోడకి ఆనుకుని రెండుసార్లు ఊపిరి పీల్చుకుని లోపలికి నడిచాడు. నా ఉద్యోగంలో నేను పలికిన మాటల్లో ఆ "లేదు" అన్నది ఎప్పటికీ మరిచిపోలేను.

అందరికీ అలా జరగలేదు. మొరాకో సెమీస్‌కి వెళ్తుందని డిసెంబర్ 10న తేలింది, ఆట 14న. నాలుగే రోజులు. ఆఫ్రికా జట్టు ఏదీ అంతకుముందు అక్కడిదాకా రాలేదు, దేశమంతా బయల్దేరుదామనుకుంది. ప్రత్యేక విమానాలు వేశారు, తీరా ఆట రోజున వాటిలో కొన్ని రద్దయ్యాయి. నాతో పనిచేసే మొరాకో కుర్రాడి తమ్ముడు కాసాబ్లాంకా విమానాశ్రయంలోనే కూర్చుని ఫోన్లో ఆట చూశాడట. తప్పు ఎవరిదన్నది పెద్దవాళ్ళు తేల్చుకుంటారు. రద్దయిందని ముందు రోజు చెప్పి ఉంటే ఆ పిల్లాడు ఇంట్లో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చూసేవాడు కదా అని వీడు బాధపడుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. డబ్బు తిరిగి ఇవ్వొచ్చు, ఆ సాయంత్రాన్ని ఎవరిస్తారు?

ఇక మీ రెండో ప్రశ్న, 2026 ప్రపంచ కప్‌కి వెళ్దామా అని. వెళ్దాం బాబాయ్, నేనూ వస్తాను. కాకపోతే అది ఇక్కడిలా ఉండదు. ఇక్కడ ఎనిమిది స్టేడియాలు, ఈ చివరి నుంచి ఆ చివరికి 75 కిలోమీటర్ల లోపే. ఒకేరోజు రెండు ఆటలు చూసినవాళ్ళున్నారు. అక్కడ అమెరికా, కెనడా, మెక్సికో, మూడు దేశాల్లో 16 నగరాలు, 48 జట్లు. వాంకూవర్ నుంచి మయామికి నాలుగువేల కిలోమీటర్ల పైనే. మూడు దేశాల వీసాల పని కూడా ఉంటుంది, అందుకని ఒక నగరాన్నో, దగ్గరగా ఉన్న రెండు నగరాలనో పట్టుకుందాం. ఒక జట్టు వెంట తిరగొద్దు. తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్టే కొందాం, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ఆట రాత్రే తిరుగు విమానం మాత్రం వద్దు. ఆ తండ్రి పరుగు చూశాక మిమ్మల్ని అలా పరిగెత్తించడం నాకిష్టం లేదు, పైగా మీ మోకాలు.

మీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి ఈసారి ఫోన్లో చెప్పండి. పిన్నిది కూడా.

ఇట్లు,
మీ అబ్బాయి