పగలు పదకొండుకు పిలిస్తే ఎవరొస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం జిల్లా పేజీలో మా పట్టణం వార్డు సభ గురించి 'ప్రజల్లో స్పందన కరువు' అని వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక నా వల్ల కాలేదు. ఆ సభ పెట్టింది మంగళవారం పగలు పదకొండు గంటలకు. ఆ వేళకు బీడీలు చేసే ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. కూలీలు అడ్డా మీద నుంచి పనికి పోయి ఉంటారు. ఆటోవాళ్లకు అదే గిరాకీ వేళ. వచ్చింది ఎనిమిది మంది, అందులో ముగ్గురు ఆఫీసు సిబ్బంది. నింద మాత్రం మా మీద.

2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం తెలంగాణలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలి. ఒక్కోదాంట్లో 15 మంది, అంటే వార్డుకు 60 మంది. మా వార్డు జాబితాలో నా పేరు కూడా ఉందని నాకు రెండేళ్ల తర్వాత, ఇంటి పన్ను కట్టడానికి పోయిన రోజున తెలిసింది. ఒక్క మీటింగుకైనా పిలవలేదు. మహిళల కమిటీలో ఒకే ఇంటివాళ్లు ముగ్గురున్నారు. వాన పడితే నీళ్లు నిలిచే వెనక గల్లీ నుంచి ఒక్కరూ లేరు.

మా జనం కదలరనడం అబద్ధం. నిరుడు బతుకమ్మకు ముందు చెరువు నిండా గుర్రపుడెక్క. అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మూడు దరఖాస్తులిస్తే మూడు రసీదులు వచ్చాయి, అంతే. చివరికి మహిళా సంఘాల వాళ్లే ఇంటింటికీ తిరిగారు. చేపలు పట్టే ముదిరాజుల సంఘం వాళ్లు థర్మాకోల్ తెప్పలు తెచ్చారు. మేం తొందరపడుతుంటే వాళ్లలో ఒక పెద్దాయన, "ఆగుండ్రి, గాలి కట్ట దిక్కు మళ్లనీయుండ్రి" అన్నాడు. మధ్యాహ్నానికి గాలి మళ్లింది. డెక్క దానంతట అదే కట్ట కిందికి చేరింది. తాడు చుట్టి గుంజితే చాపలా కదిలి వచ్చింది. మసీదు కమిటీ పిల్లలు ట్రాక్టర్లకెత్తారు. మూడు ఆదివారాల్లో మెట్లు కనబడ్డాయి. ఆ గాలి సంగతి ఏ ఇంజినీరుకు తెలుసు? తెలిసినవాణ్ణి ఎవరడిగారు?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక అక్షరాస్యత బడుల్లో పుట్టింది. 1993 అక్టోబరుకు ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో నేనూ మా ఊళ్లో చదువు చెప్పాను. కూలి నుంచి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్లు. అందుకే బడి రాత్రి ఎనిమిదింటికి పెట్టేవాళ్లం. ముప్పై ఏళ్ల కింద మాకు తోచింది ఇవాళ ఇంతమంది అధికారులకు ఎందుకు తోచదు? జీవో వస్తుంది, ఫ్లెక్సీ కడతారు, ఫోటో దిగుతారు, రిజిస్టరులో సంతకాలు పెట్టించుకుని పోతారు. పైకి పంపే నివేదికలో 'ప్రజా భాగస్వామ్యం' అని ఉంటుంది. మీ విలేకరి కూడా వాళ్లు చెప్పిందే రాసుకున్నారు, గల్లీలోకి వచ్చి ఒక్కరినైనా అడగలేదు.

మా వార్డు కమిటీల జాబితాను ఆఫీసు గోడ మీద అతికించమనండి. వచ్చే సభ రాత్రి ఎనిమిదింటికి వెనక గల్లీలో పెట్టమనండి. బీడీ కార్మికులకు, ఆటో స్టాండుకు, చేపల సంఘానికి, మసీదు కమిటీకి రెండు రోజుల ముందే కబురు పంపమనండి. ఆ రోజు మీ విలేకరిని కూడా పంపండి. కుర్చీలు మేం వేస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డు ఉపాధ్యాయురాలు