పోస్టుకార్డంత కుట్టుచిత్రాలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు కుట్టుచిత్రాలకే ఇస్తున్నాను. పిల్లల వేసవి కుట్టు క్లాసులు, దసరా బొమ్మల కొలువు ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం, అందరూ చూసి సంతకం పెట్టండి.

నిరుడు సర్వసభ్య సమావేశంలో గోడంత తెర ఒకటి అందరం కలిసి కుడదామని తీర్మానించాం. రెండు నెలలు గడిచినా ఒక మూల కూడా పూర్తి కాలేదు. ఇంటిపని మధ్య అంత గుడ్డ పరుచుకుని కూర్చునే తీరిక ఎవరికుంది? జూన్‌లో కొలత మార్చేశాం. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, అంటే పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది. అడుగున గాడాగుడ్డ (ముతక నూలుగుడ్డ), దానిమీద పాతచీర ముక్కలు, కాగితం, కొంచెం రంగు, పూసలు, అన్నిటినీ పట్టి ఉంచే కుట్టు. ఒళ్లో పెట్టుకుంటే కుక్కర్ కూత వచ్చేలోపు నాలుగు కుట్లు పడతాయి. మొదలుపెట్టినవాళ్లు పూర్తిచేయడం నేను చూసింది ఆ తర్వాతే.

ముక్కలకు మనకు కరువు లేదు. టైలర్ల దగ్గర జాకెట్ గుడ్డల కత్తిరింపులు సంచులకొద్దీ దొరికాయి. పాటూరు నేత చీరల అంచులు కొందరు తెచ్చారు. వెంకటగిరి, చీరాల నేతచీరలు కూడా మన బీరువాల్లో ఉన్నాయి. ఒక పెద్దావిడ తన అత్తగారి వెంకటగిరి నూలు చీర తెచ్చారు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండి మడత పొడుగునా చీలిపోయింది. జరీ అంచు మాత్రం గట్టిగా ఉంది. కత్తెర తీయగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చిరిగిన కాడ మాత్రం తీస్కోమ్మా, మిగతాది ముట్టుకోబాక" అన్నారు. అలాగే చేశాం. చీలిన చోటి నుంచి అరచేతిలో సగమంత ముక్క తీసి, చిరుగును దాచకుండా, దాని రెండు పక్కలా ఎర్రదారంతో కాజాకుట్టు వేశారావిడ. ఈ ఏడాది పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చిరుగే ఆ చిత్రానికి అందం.

జరిగిన పొరపాటు కూడా చెప్పాలి, అది నాదే. ఆగస్టు క్లాసులో ఒక చెల్లెలు వాళ్ల నాన్న రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం తెచ్చింది. దాన్ని గుడ్డమీద అతికించమని నేనే చెప్పాను. జిగురు తడి తగలగానే ఇంకు అలికినట్టు పాకి, సగం అక్షరాలు పోయాయి. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి సంఘంలో ఒకటే నియమం: అసలు ఉత్తరాలు, ఫొటోలు ఇంట్లోనే ఉండాలి. జిరాక్స్ తీయించి తెచ్చుకోవాలి. జిరాక్స్ నలుపు తడికి చెదరదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసింది మాత్రం చెదిరే అవకాశం ఉంది, దాన్ని వాడొద్దు.

కాగితం మీద కుట్టేటప్పుడు కుట్లు దగ్గరదగ్గరగా వేస్తే తపాలా బిళ్లలు చించినట్టు ఆ వరసన తెగిపోతుంది. కుట్లు ఎడంగా వేయాలి, వెనక పల్చటి మల్ గుడ్డ అతికించాలి. జిగురు తడి ఆరాకే సూది దించాలి. ఏ గుడ్డో తెలియకపోతే ఒక్క పోగు కాల్చి చూడండి: నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. పాలిస్టర్ మీద ఇస్త్రీ పెట్టె వేడిగా పెట్టారా, ముక్క దానికే అంటుకుంటుంది.

కార్తీకం ముసుర్లలో ఇంకో కష్టం వచ్చింది. మైదాపిండి జిగురుతో అతికించిన ముక్కలు ట్రంకుపెట్టెలో చెమ్మ పట్టి, పురుగులు కొరికేశాయి. ఇక పిండి జిగురు మానేసి తెల్ల ఫెవికాల్‌ను నీళ్లతో పల్చన చేసి వాడుతున్నాం. అదీ మధ్యలో చుక్కలుగానే, అంచులకు కుట్టే.

డిసెంబరులో రంగుల రోజు పెట్టుకున్నాం. కాళహస్తి కలంకారీ వాళ్లు చేసే పద్ధతిలోనే గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టి, దానిమీద కసిమితో గీశాం. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిందే కసిమి. గీసేటప్పుడు లేత గోధుమరంగు గీత, చూస్తుండగానే నల్లబడుతుంది! ఆ క్షణంలో గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. కసిమి చిక్కబడితే కొన్నేళ్లకు ఇనుము గుడ్డను తినేస్తుంది, అందుకే పల్చగానే వాడాలి. పసుపుతో వేసిన రంగు మాత్రం ఎండకు నిలవదు, కిటికీ ఎదురుగా తగిలించకండి.

జనవరిలో పల్లిపాడు వెళ్లొచ్చాం. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున గాంధీగారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అది. తిరిగొచ్చాక ఇద్దరు సభ్యులు ఖాదీ నూలుతో, జిగురులో కలిపిన పెన్న ఇసుకతో ఏటిగట్టు కుట్టారు. ఇసుక రాలకుండా పైన ఇంకో పూత వేయాల్సి వచ్చింది.

ప్రదర్శనకు ఇస్తామన్న హాలు ముందురోజు కాదన్నారు. టెన్షన్ పడ్డాం. చివరికి ఒక సభ్యురాలి మిద్దెమీద తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించాం. గాలికి చిత్రాలు తిరగబడుతుంటే, వచ్చినవాళ్లు వెనకవైపు కుట్లు, ముడులు కూడా వేలితో తడిమి చూశారు. ఫ్రేముల్లో పెట్టి ఉంటే ఆ చనువు వచ్చేది కాదు.

వచ్చే ఏడాది మొదటి కూడిక జూన్ రెండో శనివారం. చందా బాకీలు అప్పటికి కట్టేయండి. ప్రతి ఒక్కరూ ఒక పాతగుడ్డ తీసుకురండి. అది ఎవరిదో, ఎప్పుడు కట్టుకునేవారో ఒక చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చి పెట్టండి. ఈసారి చాలా ముక్కలకు ఆ వివరం రాయించుకోలేకపోయాం. ఆ చీటీని చిత్రం వెనకే కుట్టేద్దాం.

కార్యదర్శి